పోక్, ప్రాడ్, ప్రిక్ నేర్పిన మా మాస్టారు

మొన్న పొద్దున్న ఆఫీసుకి బస్సులో వెళ్తుంటే ఆపా ఫోన్ చేసింది. ఆపా అంటే ఉర్దూలో అక్క, ఈమె మా ఇంగ్లీషు మాస్టారి భార్య. ట్యూషన్ పిల్లలందరం ఆమెని అలాగే పిలిచేవాళ్ళం. వాళ్ళింటి ఫోన్లోంచి ఎప్పుడూ మాస్టారే మాట్లాడతారు, ఆమె దాన్ని ముట్టుకోదు. అందుకే ఆమె గొంతు వినగానే సీట్లోంచి లేచి నిలబడ్డాను. "అమ్మా, మీ మాస్టారు ఎల్లిపోనారమ్మా" అంది. తర్వాత ఏం చెప్పిందో నా చెవికెక్కలేదు. మద్దిలపాలెంలో దిగి, రోడ్డు దాటి, వన్‌టౌన్ వైపు ఆటో ఎక్కేశాను.

నాకు కంగారెక్కువ. మా ఇంట్లో అందరూ అదే అంటారు. ఎవరైనా వరసగా రెండుసార్లు ఫోన్ చేస్తే ఎవరికో ఏదో అయిందనుకుంటాను. పోయిన వేసవి నుంచీ ఆ కంగారంతా మాస్టారి చుట్టూనే తిరిగింది. ఇప్పుడు ఆయన గురించి రాద్దామని కూర్చున్నా అదే గోల, ఏం మర్చిపోతానో అని.

మాస్టారిది వన్‌టౌన్‌లో చిన్న డాబా ఇల్లు. ముందు వరండా, ఆ వరండాలోనే ట్యూషన్. చుట్టుపక్కల కొట్లవాళ్ళ పిల్లలూ, హార్బరు పక్కన ఉండే మా జాలరి పిల్లలూ ఒకే చాప మీద కూర్చునేవాళ్ళం. మా నాన్న బోటు మీద వేటకెళ్ళేవాడు. అమ్మ హార్బర్లో చేపలు కొని వీధుల్లో తిరిగి అమ్మేది. నాకు ఇంగ్లీషంటే చచ్చేంత భయం. ఏ మాటైనా మాస్టారు ముందు బోర్డు మీద రాసేవారు కాదు. ముందు చేసి చూపించేవారు, తర్వాత పలికించేవారు, రాయడం అన్నిటికన్నా ఆఖర్న. "తప్పు పలుకు, పరవాలేదు. అసలు నోరే తెరవకపోతే నాను ఏటి దిద్దాలి?" అనేవారు. ఆ మాట అనేటప్పుడు కూడా చెవి మీద చాక్‌పీసు ఉండాల్సిందే, కింద పడితే వెతుక్కుని మళ్ళీ పెట్టుకునేవారు.

'పోక్' చెప్పిన రోజు నాకు బాగా గుర్తు. మమ్మల్ని వరసగా నిలబెట్టి చూపుడువేలితో భుజం మీద ఒక్కో పోటు పొడిచారు. "ఇది పోక్. దీనికి బోల్డు మంది చుట్టాలు" అన్నారు. పక్కవాణ్ణి మోచేత్తో మెల్లిగా కదిపితే నడ్జ్. పడుకున్న గేదెని కర్ర మొనతో లెగమని తోస్తే ప్రాడ్. పిన్నీసు గుచ్చుకుంటే ప్రిక్. డాక్టరు సూది కసుక్కున దింపితే జ్యాబ్. "స్టాబ్ అని ఇంకో చుట్టం ఉన్నాడు, కత్తిపోటు. వాణ్ణి మాత్రం చూపించను, మీ అమ్మలొచ్చి నన్ను తంతారు" అన్నారు. స్టీల్ ప్లాంట్లో కొలిమి ముందు పొడుగాటి రాడ్డుతో నిప్పుని కెలకడం కూడా పోకేనట. పరాయి గొడవలో ఇంగ్లీషువాడు ముక్కు దూరిస్తే అదీ పోకే. "మనం ముక్కు కాదు, వేలు పెడతాం. ఏది పెట్టినా తన్నులు మాత్రం ఒకటే" అనేసరికి వరండా అంతా నవ్వులు.

అందరూ నవ్వుతుంటే నా వైపు తిరిగారు. "మీ అమ్మ సేపని కొనేముందు ఏటి సేత్తాది?"

నేను గొణిగాను. "బొటనేలితో నొక్కి సూత్తాది సార్. గుంట పడి అలాగే ఉండిపోతే కొనదు."

"అదీ! పొడిచి సూడ్డం. అదీ ప్రాడే. మీ అమ్మ రోజూ సేసే పనే గదా, నీకు భయం దేనికి?"

మర్నాడు పొద్దున్న హార్బర్లో అమ్మ వంజరం చేపని నొక్కి చూస్తుంటే పక్కన నిలబడి "ప్రాడ్! ప్రాడ్!" అని అరిచాను. "దీనికేటో పట్టింది" అంది అమ్మ. నా ఇంగ్లీషు అక్కడ మొదలైంది. ఇప్పుడు రుషికొండ వైపు ఒక ఆఫీసులో కూర్చుని రోజంతా ఫోన్లో ఇంగ్లీషే మాట్లాడతాను. ఈ అన్నం ఆయన పెట్టిందే.

పోయిన వేసవిలో మాస్టారికి పక్షవాతం వచ్చింది. ఎడమ వైపు పడిపోయింది. మాట ముద్దముద్దగా వచ్చేది గానీ బొత్తిగా పోలేదు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు జాగ్రత్తలు చెప్పారు. ఎడమ చేతికి స్పర్శ లేదు, రావచ్చు, రాకపోవచ్చు. రోజూ రకరకాలుగా తాకుతూ ఉండండి. వేడివి మాత్రం దగ్గరికి రానివ్వకండి, కాలినా ఆయనకి తెలియదు. ఆ ఆఖరి మాట నా బుర్రలో తిష్ట వేసుకుని కూర్చుంది.

ఆఫీసు నుంచి సరాసరి వాళ్ళింటికే వెళ్ళేదాన్ని. మాస్టారికి ఆయన పాఠమే ఆటగా పెట్టాను. ఆ చేతి మీద నేను ఏదో ఒకటి చెయ్యాలి, అదేమిటో ఆయన ఇంగ్లీషులో చెప్పాలి. మొదట్లో నోరు మెదపలేదు. కొన్నాళ్ళకి, వేలితో పొడిచినప్పుడు "పోక్" అన్నారు. నేను ఎగిరి గంతేశాను. పిన్నీసు మొన ఆనించాను. "ప్రిక్." మోచేత్తో కదిపాను. "నడ్జ్."

ఆపా వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. "అల్లా! వొచ్చీసిందా తల్లీ? తెలుత్తందా ఆయనకి?" అంటూ చప్పట్లు కొట్టింది. ఆమె ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఆ తర్వాత రోజూ మాస్టారు ఒక్క తప్పు లేకుండా అన్నీ చెప్పేవారు.

ఒక్క తప్పూ లేకపోవడమే నాకు తేడాగా అనిపించింది. చెయ్యి చూస్తే అంగుళం కదలదు, జవాబులు చూస్తే నూటికి నూరు. ఒక సాయంత్రం ఆపా కొట్టుకెళ్ళినప్పుడు "మాస్టారూ, కళ్ళు మూసుకోండి" అన్నాను.

"ఎందుకమ్మా?"

"మూసుకోండి, నేనడుగుతున్నాను కదా."

మూసుకున్నారు. మోచేత్తో కదిపాను. ఏమీ అనలేదు. వేలితో పొడిచాను. ఏమీ లేదు. పిన్నీసు కాస్త గట్టిగానే గుచ్చాను. చిన్న రక్తపు చుక్క పైకొచ్చింది. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు, నేనింకా మొదలెట్టలేదనుకుని ఎదురు చూస్తున్నారు. నేను చెయ్యి వెనక్కి తీసుకుని ఊరికే కూర్చుంటే కాసేపటికి "పోక్" అన్నారు.

అంటే ఇన్నాళ్ళూ నా చెయ్యి చూసి చెప్తున్నారన్నమాట. పక్కవాడి పేపర్లోకి తొంగి చూస్తే మా చెవులు మెలిపెట్టిన మనిషి!

కళ్ళు తెరిచి ఆ రక్తపు చుక్క చూసుకున్నారు. కుడి చేత్తో తుడిచేశారు. "ఆపాకి సెప్పకమ్మా" అన్నారు. "మొదటిసారి పోక్ అన్నానా, ఆ పూట అది రెండు రొట్టెలు తిన్నాది. అంతకు ముందు అది తింటన్నాదా? నువ్వే సెప్పు."

చెప్పనని మాటిచ్చాను.

ఇచ్చానే గానీ, అప్పట్నుంచి నాకు కుదురు లేదు. చెయ్యి బాగైందని ఆపా నమ్ముతోంది. ఆ నమ్మకంతో పొగలు కక్కే టీ గ్లాసు ఆ చేతి పక్కనే పెట్టేస్తే? స్నానానికి వేణ్ణీళ్ళు చూసుకోకుండా పోసేస్తే? ఉన్నమాట చెప్పేస్తే ఆమె తిండి మానేస్తుంది. చెప్పకపోతే ఆయన చెయ్యి కాలుతుంది. ఆఫీసులో ఎవరో ఏదో అడుగుతుంటే నా కళ్ళ ముందు టీ గ్లాసే. వాళ్ళింట్లో అడుగుపెట్టగానే ముందు ఆ చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిరగేసేదాన్ని, బొబ్బలేమైనా ఉన్నాయా అని. "ఏటే, హార్బర్లో సేప సూసినట్టు సూత్తన్నావ్? తాజాగానే ఉన్నాను లే" అనేవారు మాస్టారు. ఆపా ఎదుట మా ఆట మామూలే. ఆయన కళ్ళు విప్పుకుని అన్నీ సరిగ్గా చెప్పేవారు, ఆమె చప్పట్లు కొట్టేది, నేను టీ గ్లాసు ఎక్కడుందో చూస్తూ నవ్వేదాన్ని. ఇన్ని నెలల్లో ఒక్క బొబ్బ కూడా కనపడలేదు. అంతా మా గంగమ్మ తల్లి దయ అనుకున్నాను.

మొన్న తెల్లవారేసరికి మాస్టారు నిద్రలోనే వెళ్ళిపోయారు. మధ్యాహ్నం మగవాళ్ళు మాస్టారిని జనాజా పాడె మీద ఎత్తుకుని తీసుకెళ్ళాక ఇంట్లో ఆడవాళ్ళం మిగిలాం. ఆపా గోడకి ఆనుకుని కూర్చుంది. పక్కనే నేను. ఇంక దాచి ఏం లాభం, చెప్పేద్దామా అని నోటిదాకా వచ్చింది. ఈ సమయంలో ఎలా చెప్పను అని మింగేశాను. అప్పుడు ఆమే మొదలెట్టింది.

"రోజూ వొచ్చి ఆ సెయ్యి తిరగేసి సూసీదానివి. ఎందుకో నాకు తెల్సమ్మా."

"ఆపా..."

"నాకు ముందే తెల్సు. ఆయన మొదటిసారి పోక్ అన్న రోజే, మద్దేన్నం పడుకున్నప్పుడు ఆ సెయ్యి గట్టిగా గిల్లీసినాను. కదల్లేదు. కుడి సెయ్యి ఇలా ముట్టుకున్నానో లేదో, లెగిసిపోనారు. మరి నువ్వొచ్చి పొడిత్తే పోక్ అంటన్నారు, ప్రిక్ అంటన్నారు. నా కోసమే గదా ఆ పాట్లన్నీ? నాను సప్పట్లు కొట్టకపోతే ఎలాగ?"

"మరి రొట్టెలు తిన్నావట కదా?"

"ఆకలేసి తిన్నానేటి? ఆయన సూత్తన్నారనీసి తిన్నాను."

నాకు ఏడుపొచ్చింది, దాంతోపాటు కోపమూ వచ్చింది. "మీరిద్దరూ కలిసి నన్ను చంపేశారు కదా ఆపా! టీ ఎక్కడ ఒలుకుతుందో, చెయ్యి ఎక్కడ కాలుతుందో అని నేను రోజూ ఛస్తూ బతికాను."

"ఒలికీది" అంది ఆపా మెల్లిగా. "గ్లాసట్టుకున్న కుడి సెయ్యి వణికీది గదా. అందుకే ఆయన టీ తాగినంతసేపూ ఆ ఎడం సెయ్యి మీద నా సెయ్యి ఏసి కూకునీదాన్ని. ఆయనకి తెల్దు, నాకన్నా తెలవాల గదా."

ఇన్నాళ్ళూ నేను తిరగేసి చూసింది మాస్టారి చెయ్యి. ఆపా చెయ్యి ఆమె ఒళ్ళోనే ఉంది. వేళ్ళ కణుపుల వెనక అక్కడక్కడా నల్లటి మచ్చలు, మణికట్టు దగ్గర ఒకటి మాత్రం ఇంకా ఎర్రగా ఉంది.