తాటిచెట్ల కింద పొద్దు, మడిలో నీళ్లు

అది 2022 జనవరి. యాసంగి నాట్లు సగం అయిన రోజులు. కామారెడ్డిలో ముప్పయి ఎనిమిదేళ్లు నడిపిన ఫోటో స్టూడియోను మూసేసి అప్పటికి రెండేళ్లయింది. పెళ్లిళ్లు, పాస్‌పోర్టు ఫోటోలు మానేశాను గాని కెమెరాను మానలేదు. పొలాలు, గుట్టలు తీసి, కంప్యూటర్‌లో తీర్చి, అడిగినవారికి పెద్ద సైజులో అచ్చు వేయించి ఇచ్చేవాణ్ని. రోజూ డైరీ రాసే అలవాటు ఉంది కనుక ఈ సంగతి ఆనాటి పేజీలు ముందు పెట్టుకునే రాస్తున్నాను.

రాజారెడ్డిది ఎల్లారెడ్డి దగ్గర ఒక పల్లె. కామారెడ్డిలో కొత్తగా ఇల్లు కట్టుకున్నాడు. ఒకరోజు మా ఇంటికి వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే విషయం చెప్పాడు.

“సారూ, హాలుల గోడ ఖాళీగ ఉన్నది. నా పొలం ఫోటో కావాలె. పైన పొద్దు పొడుస్తుండాలె, కింద మడి తళతళలాడాలె. రెండూ ఒక్క దాంట్లనే రావాలె.”

“ఇంకేమన్న ఉన్నదా?”

“మా ఇంటామె నెమలి ఉంటె బాగుంటదన్నది. దొరకకుంటె ఇడిసెయ్యి, నడుస్తది.”

నెమలి సంగతి ఎలా ఉన్నా, పొద్దూ పొలమూ ఒకే ఫోటోలో రావడం చిన్న పని కాదు. మన కంటికి రెండూ కనిపిస్తాయి, కెమెరాకు కనిపించవు. ఆకాశానికి సరిపడా వెలుతురు పెడితే నేల బొగ్గులా వస్తుంది. నేలకు సరిపెడితే ఆకాశం ఉతికిన ధోవతిలా తెల్లబోతుంది. అందుకని కెమెరాను ట్రైపాడ్ మీద కదలకుండా పెట్టి, ఒకే దృశ్యాన్ని చీకటిగా ఒకటి, మధ్యస్థంగా ఒకటి, వెలుగుగా ఒకటి తీస్తాం. దీన్ని బ్రాకెటింగ్ అంటారు. తరువాత కంప్యూటర్‌లో వాటిని ఒకదాని మీద ఒకటి పరిచి, చీకటి దాంట్లోంచి ఆకాశాన్ని, వెలుగు దాంట్లోంచి నేలను తీసుకుని అతుకు తెలియకుండా కలుపుతాం. అది బ్లెండింగ్. అతుకు చెడితే చెట్ల తలల చుట్టూ, పటాల్లో దేవుళ్ల తల వెనక వెలుగులా, తెల్లటి గీత వస్తుంది. అలా వచ్చిన ఒక చింతచెట్టును చూసి మా ఆవిడ, “ఇది గూడ దేవుడైందా” అని అడిగింది.

చెప్పిన రోజు తెల్లవారకముందే వెళ్లి తూము గట్టు మీద ట్రైపాడ్ నిలబెట్టాను. ఎదురుగా రాజారెడ్డి మడి, పక్కన మరికొందరివి, అవతల వరుసగా తాటిచెట్లు. ఏడు కావస్తుండగా పొద్దు చెట్ల మొదళ్ల దగ్గర ఎర్రగా వచ్చింది. క్షణాల తేడాతో మూడు ఫోటోలు తీశాను. ఆకాశం అద్భుతంగా వచ్చింది. మడిలో మాత్రం నీళ్లు ఇంకిపోయి ఒట్టి బురద ఉంది.

ఫ్లాస్కులో చాయ్ తాగుతూ కూర్చున్నాను. నలభై నిమిషాల తరువాత రాజారెడ్డి జీతగాడు వచ్చి మడవ తీశాడు. నీళ్లు పారి మడి అద్దమైంది. కాని అప్పటికి పొద్దు పైకెక్కి ఆకాశం వెలవెలబోయింది. ట్రైపాడ్ కదపలేదు కదా అని ఇంకో మూడు తీశాను. ఇంటికొచ్చి మొదటిసారి ఆకాశాన్ని, రెండోసారి నేలను కలిపాను. తాటి ఆకుల దగ్గర అతుకుకే రెండు రోజులు పట్టింది. మొదటిసారి తీసినవాటిలో ఆకాశం ఉన్న చీకటి ఫోటో ఒక్కటి ఉంచి మిగతావి తుడిచేశాను. అవసరం లేనిది దాచుకోవడం నాకు గిట్టదు.

రాజారెడ్డి మురిసిపోయి దాన్ని ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. మర్నాడే ఫోన్ చేశాడు.

“సారూ, నన్ను నీళ్ల దొంగను జేసినవు.”

సంగతేమిటంటే, ఆ తూము కింద నీళ్లు వంతుల వారీగా పారతాయి. వంతుకు గడియారం చూడరు, పొద్దు చూస్తారు. రాత్రి వంతు సాయవ్వ అనే ముసలామెది. పొద్దు తాటిచెట్ల తలలు దాటాక రాజారెడ్డిది. దాన్ని చూసేది కూడా సరిగ్గా నేను ట్రైపాడ్ పెట్టిన చోటి నుంచే. నా ఫోటోలో పొద్దు చెట్ల మొదళ్ల దగ్గర ఉంది, నీళ్లు రాజారెడ్డి మడి నిండా ఉన్నాయి. వంతు తప్పి నీళ్లు మళ్లించుకున్నాడని తేలితే వరుసగా మూడు వంతులు కోస్తారు. అప్పుడే నాటిన మడికి మూడు వంతులు నీళ్లు లేకపోతే నాటు ఎండిపోయినట్టే.

మర్నాడు ల్యాప్‌టాప్ పట్టుకుని ఎల్లారెడ్డి బస్సెక్కాను. రాజారెడ్డి పాత ఇంట్లో పది మంది కూర్చుని ఉన్నారు. తీర్పు చెప్పాల్సింది నీళ్లు వదిలే నీరటి పోచయ్య. ఫిర్యాదు చేసింది సాయవ్వ కాదు, రాజారెడ్డి పక్క మడి గంగారెడ్డి. ఫోన్‌లో నా ఫోటోను పెద్దది చేసి అందరికీ చూపిస్తున్నాడు.

“పొద్దు ఏడున్నది? చెట్ల కింద. నీళ్లు ఏడున్నయి? రాజన్న మడిల. ఇంకేం అడుగాలె? ముసల్దాని నోట్ల మన్ను గొట్టిండు.”

నేను లేచి చెప్పాను. “పైన ఆకాశం ముందు తీసిన. కింద నేల నలభై నిమిషాలు ఆగి తీసిన. రెండూ కలిపిన.”

పోచయ్య గంగారెడ్డి చేతిలోని ఫోన్ తీసుకుని చూశాడు. “పైన ఒక యాళ్ల, కింద ఒక యాళ్లనా సారు?”

“అవును.”

“మరి నడిమిట్ల చెట్లున్నయి. అవి ఏ యాళ్లయి?”

అబద్ధం చెప్పడానికి లేదు. “తలలు ముందటియి. మొదళ్లు తర్వాతయి.”

నవ్వులు ఆగడానికి కొంతసేపు పట్టింది. సాయవ్వ మాత్రం నవ్వలేదు. “మా మనుమని పెండ్లి ఫోటోలు నువ్వే దీసినవు గద బిడ్డా. పెండ్లిపిల్ల తలకాయ గూడ ఇంకెప్పటిదన్న పెట్టినవా?”

“లేదవ్వా. అది ఒక్కపారి తీసిందే.”

“ఏమో. గప్పుడు మంచిగనే ఉండె.”

రాజారెడ్డి ముఖం పాలిపోయింది. నా మాట వల్ల ఫోటో అబద్ధమని తేలింది గాని, ఆ వేళకు మడి ఎండి ఉందని తేలలేదు. దానికి సాక్ష్యం నా దగ్గర మిగిలిన ఆ చీకటి ఫోటో ఒక్కటే. ల్యాప్‌టాప్‌ను టీవీకి కలిపి చూపించాను. పైన ఎర్రటి ఆకాశం, చెట్ల మొదళ్ల దగ్గర పొద్దు, కిందంతా నలుపు.

“గిదేం సాక్ష్యం? బొగ్గుల బస్తా,” అన్నాడు గంగారెడ్డి.

అయితే నేను తీసేవి రా ఫైళ్లు. అంటే కెమెరా చూసినదంతా, మనకు కనిపించకపోయినా, అందులో చాలావరకు దాగి ఉంటుంది. షాడోస్ అనే మీటను జరిపితే నీడలో ఉన్నవి మెల్లగా బయటికి వస్తాయి. జరిపాను. ముందు గట్లు కనిపించాయి. తరువాత రాజారెడ్డి మడి వచ్చింది, నెర్రెలు విచ్చబోతున్న బురదతో. రాజారెడ్డి గట్టిగా ఊపిరి వదిలాడు.

అక్కడితో ఆపి ఉండవచ్చు. కాని మీటను చివరిదాకా జరిపి చూడటం నాకు అలవాటు. ఎడమ వైపు పక్క మడి నిండా నీళ్లు మిలమిలా మెరిశాయి. అందరూ ముందుకు వంగారు. మడవ దగ్గర ఒక మనిషి పార పట్టుకుని వంగి కూర్చుని ఉన్నాడు, తలకు పసుపు రుమాలు.

పోచయ్య టీవీ వైపు, తరువాత గంగారెడ్డి భుజం మీది రుమాలు వైపు చూశాడు. “గా రుమాలు ఎవలది గంగన్నా?”

“ఫోటోలు కలుపుతడని సారే చెప్పిండు గదా. నన్ను గూడ కలిపిండు.”

“ఇది కలపనిది,” అన్నాను. “ఒక్కటే. తలలూ మొదళ్లూ అన్నీ ఒక్క యాళ్లయే.”

“మరి గ్రూపుల పెట్టిన ఫోటోల ఈన ఎందుకు లేడు?” అని ఎవరో అడిగారు.

నేను ఆ నేల తీసేసరికి అతను మడవ మూసి వెళ్లిపోయి ఉంటాడని చెప్పాను. పోచయ్యకు ఇంకో అనుమానం వచ్చింది. “గంగన్నా, సారు ఎదురుంగ మూడు కాళ్లది పెట్టుకొని నిలబడ్డడు. కండ్లముందట కనవడుతనే ఉండె గదా. భయం గాలేదా?”

గంగారెడ్డి కోపంగానే జవాబిచ్చాడు. “పొద్దుకెదురుగ తీస్తుండె. ఏం రాదనుకున్న. నా ఫోన్ల ఎప్పుడు దీసినా నల్లగనే వస్తది.”

తానేమన్నాడో అతనికి తెలిసేసరికి పోచయ్య లేచి చెప్పులు వేసుకుంటున్నాడు. గంగారెడ్డి మూడు వంతులు సాయవ్వకు పోయాయి. ఆమె నా దగ్గరికి వచ్చింది.

“నీళ్లు సరే బిడ్డా. గా వంగి కూసున్న ఫోటో నాకొకటియ్యి. గోడకు పెట్టుకుంట.”

ఇవ్వలేదు. ఆమె కనిపించినప్పుడల్లా అడుగుతూనే ఉంది.

ఈ పని నాకు నేర్పింది ఇది. ఒక వేళ ఆకాశాన్ని మరో వేళ నేలతో కలిపే ముందు, ఆ చోట బతికేవాళ్లకు ఆ వేళ ఏమిటో అడగాలి. నాకు రంగుగా కనిపించింది వాళ్లకు గడియారం. ఇప్పుడు బ్రాకెటింగ్ మూడు ఫోటోల మధ్య క్షణాల కంటే ఎక్కువ తేడా రానివ్వను. మడి ఎండి ఉంటే ఎండిందే తీస్తాను.

రాజారెడ్డి పాత ఫోటో వద్దన్నాడు. మళ్లీ వెళ్లి, పొద్దు తాటి తలలు దాటేదాకా ఆగి, అతని వంతు నీళ్లతో తీసి ఇచ్చాను. ఎండ ఎక్కువై ఆకాశం పాలిపోయిన మామూలు ఫోటో అది. ఆరడుగుల వెడల్పున హాలులో ఉంది. ఊరి నుంచి ఎవరు వచ్చినా ముందు పొద్దు ఎక్కడుందో చూస్తారు, తరువాత నీళ్లు చూస్తారు, తల ఊపి కూర్చుంటారు. ఫోటో బాగుందని ఇంతవరకు ఒక్కరూ అనలేదు.