జీడి కార్ఖానాలో నాకు పట్టిన జబ్బు

ఆ రోజుల్లో మా ఉద్దానంలో ఎవరికైనా ఒంట్లో బాగోలేదంటే ఏం తిన్నావని అడిగేవారు కాదు, రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎంతుందని అడిగేవారు. (ఇప్పుడూ అడుగుతారు, గొంతులో కంగారు కాస్త తగ్గింది.) కిడ్నీ జబ్బు ఇంటికొకరిని పట్టుకున్న ప్రాంతం మాది, మా పెదనాన్నా దాంతోనే పోయాడు కాబట్టి ఆ ప్రశ్నలో వేళాకోళమేమీ లేదు. మిగతా ఊళ్లవాళ్లకు తలనొప్పి వస్తే తలనొప్పే. మాకు గోరుచుట్టు లేచినా ముందు కిడ్నీయే గుర్తొచ్చేది.

అలాంటి కాలంలో పలాసలో ఒక జీడిపప్పు కార్ఖానాలో గుమస్తాగా నాకు మొదటి ఉద్యోగం దొరికింది. పప్పు లోడు ఇంకా రాలేదేమని ఫోన్లో అరిచేవాళ్లకు అదిగో బయల్దేరిందండీ అని చెప్పడం నా ముఖ్యమైన పని. (బయల్దేరేది కాదు.) మా సావుకారు చెడ్డవాడు కాడు, గొంతు పెద్దది, అంతే. బుల్లెట్టు మీద వచ్చేవాడు. ఆ చప్పుడు సందు మలుపులో వినబడగానే నా నడుము కొయ్యబారిపోయేది. బండి ఆగకముందే "లోడెల్లిందేట్రా?" అని కేక.

కొన్నాళ్లకు నడుము నొప్పికి గుండెదడ, నిద్రలేమి తోడయ్యాయి. అమ్మ నా మొహం చూసి, "ఏట్రా అలగైపోనావు? మీ పెదనాన్నకీ ముందు నడువే పట్టేసింది" అంది. కొత్తగా కొన్న ఫోన్లో నడుము నొప్పి అని కొట్టాను. మొదటి వీడియోలో ఒకాయన కిడ్నీయే అన్నాడు. రెండో వీడియోలో ఒకావిడ నీళ్లు బాగా తాగమంది. మా బావ మందుల షాపులో పనిచేసేవాడు కాబట్టి మా ఇంట్లో సగం డాక్టరు. వాడు, "మన నీల్లతోనే ఈ జబ్బు, తాగీకురా, టెక్కలి నుంచి నీల్ల డబ్బా తెచ్చుకో" అన్నాడు.

ముగ్గురి మాటా విన్నాను. డబ్బా పక్కనే పెట్టుకుని తాగాను. అంత తాగినవాడు కుదురుగా కూర్చుంటాడా? అస్తమానం దొడ్డివైపు పరుగే. ఫోనుని మళ్లీ అడిగితే, మాటిమాటికీ వెళ్లాల్సి రావడం కూడా కిడ్నీ లక్షణమేనంది. మిగిలిన కాస్త సందేహమూ తీరిపోయింది. సావుకారు వచ్చినప్పుడల్లా నా కుర్చీ ఖాళీ. "ఈడు పనికొత్తన్నాడా, దొడ్డికొత్తన్నాడా?" అని కార్ఖానా అదిరేలా అరిచేవాడు. దాంతో దడ పెరిగేది, దడ తగ్గడానికి ఇంకో గ్లాసు తాగేవాడిని. పరీక్ష చేయించుకోవడానికి మాత్రం ధైర్యం చాలలేదు. చేయించుకుంటే తెలిసిపోతుందని భయం.

చివరికి అమ్మే రెక్క పట్టుకుని సర్కారు ఆస్పత్రికి లాక్కెళ్లింది. రక్తం తీశారు. ఫలితం వచ్చాక డాక్టరమ్మ అంతా బాగుందంది. నాకు నమ్మకం కుదరలేదు.

"మరి నొప్పి ఉందండీ. ఫోన్లో కూడా..."

"ఫోను నీ చెయ్యి పట్టుకుని చూసిందా? నొప్పి ఎప్పుడొస్తుంది?"

"కార్ఖానాకి వెళ్లాకండీ. వెళ్లని లోడు వెళ్లిందని చెప్పే పనండీ."

"ఆదివారం?"

ఆలోచించాను. సిగ్గేసింది. "ఆదివారం రాదండీ."

"కిడ్నీకి ఆదివారం సెలవుండదు బాబూ, ఉద్యోగానికి ఉంటుంది. నీది పని ఒత్తిడి."

అమ్మ బిత్తరపోయి, "ఒత్తిడంటే ఏటమ్మా? దానికీ డయాలసిస్ సేత్తారేటి?" అని అడిగింది. అక్కర్లేదమ్మా, వేళకు నిద్రా, కాస్త నడకా ఉండాలి, లోడు వెళ్లకపోతే వెళ్లలేదని చెప్పే అలవాటూ ఉండాలి అంది డాక్టరమ్మ. అమ్మ బయటికొచ్చి మెట్ల మీద కూలబడి భోరుమంది. జబ్బు లేదన్నారు కదే అంటే, "మీ పెదనాన్నకి ఈ మాట సెప్పినోల్లు లేకపోనార్రా" అంది. నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడు అదే కార్ఖానాకి నేను మేనేజర్ని. నాకూ ఒక బుల్లెట్టుంది. (జన్మలో ఎక్కనని ఒట్టేసుకున్న బండే.) సందు మలుపులో ఇంజను ఆపేసి, గేటు దాకా తోసుకుంటూ వస్తాను. పొట్టు తీసే ఆడవాళ్లు, "బండి మల్లీ ఆగిపోనాదేటి బాబూ?" అని జాలిపడతారు. అవునంటాను. లోపలికొచ్చి, కొత్త గుమస్తా బల్ల మీద నీళ్ల సీసా ఎంత ఖాళీ అయిందో ఓరకంట చూస్తాను. బుల్లెట్టు బరువు మామూలు బరువు కాదు, తోసి తోసి ఈమధ్య నాకు నిజంగానే నడుము నొప్పి పట్టుకుంది. ఇది ఆదివారం కూడా వస్తోంది.