కాళ్ళ వైపు కూర్చునే దొర

నా చిన్నప్పుడు మధ్యాహ్నం భోజనాలయ్యాక మా తాతయ్య నులక మంచం మీద నడుం వాల్చేవాడు. కాళ్ళ వైపు మాత్రం ఎవర్నీ కూర్చోనిచ్చేవాడు కాదు. అక్కడ ఒక దొర వచ్చి కూర్చుంటాడట. కూర్చుని, కాదు కాదన్నట్టు తల ఊపుతుంటాడట. ఈ సంగతి తాతయ్య ఇవాళ ఉక్కగా ఉందన్నంత మామూలుగా చెప్పేవాడు. మామ్మ ఊడ్చేటప్పుడు చీపురు అటు తగలనిచ్చేది కాదు. ఆ గదిలోకి నేను ఒంటరిగా వెళ్ళేదాన్నే కాదు.

తాతయ్య కుర్రతనంలో పద్మనాభం అనే పల్లె నుంచి పట్నం వచ్చి, ఓడల సరుకు అమ్మే ఒక తెల్ల వ్యాపారి దగ్గర గుమాస్తాగా కుదిరాడు. ఆ వ్యాపారే ఇక్కడ అమెరికా వాళ్ళ కాన్సుల్ ఏజెంటు కూడా. అంటే, ఆ దేశపు ఓడల మనుషులకి మన రేవులో ఏ కష్టమొచ్చినా ఆయనే దిక్కు. ఒకసారి జ్వరంతో ఉన్న అమెరికా నావికుణ్ణి ఇక్కడ ఆసుపత్రిలో దించేసి ఓడ వెళ్ళిపోయింది. బతకడని తేలాక, వాళ్ళమ్మకి కబురు రాయాలి, ఊరి పేరు కనుక్కుని రమ్మని తాతయ్యని పంపారు. అతను చెప్పాడు. తాతయ్య రాసుకుని, చదివి వినిపించాడు. అతను తల అటూ ఇటూ ఊపాడు. పాపం, జ్వరం తలకెక్కింది అనుకున్నాడు తాతయ్య. సాయంత్రానికి అతని ప్రాణం పోయింది. రాసిన ఉత్తరమేమో, అలాంటి ఊరే లేదని కొన్నాళ్ళకి తిరిగొచ్చింది. కొడుకు ఏమయ్యాడో ఆ తల్లికి తెలియనే లేదు. అతను తాతయ్య మంచం దగ్గరికి రావడం అప్పుడే మొదలైందట.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు, చేపని సేప అన్నానని బళ్ళో టీచరమ్మ క్లాసంతా నవ్వేలా వెక్కిరించింది. నాకు పౌరుషం జాస్తి. ఇక నా నోట 'స' అన్నదే రాకూడదని ఒట్టేసుకున్నాను. మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం గుమ్మంలో నిలబడి, "తాతయ్యా, చాయంత్రం చముద్రానికి వెళ్దామా?" అన్నాను.

తాతయ్య దిగ్గున లేచి కూర్చున్నాడు.

"ఏటన్నావే? మళ్ళీ అను!"

ఎప్పుడూ అచ్చు పుస్తకంలా మాట్లాడే మనిషి నోట ఆ యాస వినడం నాకదే మొదలు. మళ్ళీ అన్నాను. ఆయన రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"ఓలమ్మో! నాను సేసిందీ ఇదేనే గుంటా. ఆపీసులో నన్నూ ఇలాగే ఎక్కిరించీవోరు. ఎవులు 'స' అన్నా తప్పేననుకునీవోణ్ణి. ఆ దొర సక్కగా తన ఊరు సెల్బీ అన్నాడే! నానే ఎస్ తీసేసి, సీహెచ్ పెట్టి, చెల్బీ అని రాసీసినాను."

తర్వాత మంచం కాళ్ళ వైపు తిరిగి, చేతులు జోడించి, "సెల్బీ. అంతేనా బాబూ?" అని అడిగాడు.

నమ్మితే నమ్మండి, లేకపోతే మానేయండి. అక్కడ ఎవరూ లేరు. కానీ నులక కిర్రుమంది. కిందికి దిగి ఉన్న తాళ్ళు, ఎవరో లేచినట్టు మెల్లిగా పైకొచ్చాయి. నేను గుమ్మం అవతలికి గెంతాను. తాతయ్య మాత్రం భయపడలేదు, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. నలభై ఏళ్ళు ఒక తల్లిని ఏడిపించానే అని ఏడ్చాడు.

మర్నాడే మళ్ళీ ఉత్తరం రాశాడు, ఈసారి ఊరి పేరు సరిగ్గా పెట్టి. 'మీ అబ్బాయి మా ఊళ్ళో, సముద్రం పక్కన దొరల సమాధుల్లో ఉన్నాడు' అని. ఆ తల్లి అప్పటికి ఉందో లేదో! జవాబు రాలేదు. ఉత్తరం కూడా తిరిగి రాలేదు.

పెద్దయ్యాక సీతమ్మధారలో ఒక ఆసుపత్రిలో పేర్లు రాసే ఉద్యోగం చేశాను. పల్లెల నుంచి వచ్చినవాళ్ళు తమ యాసలో పేరూ ఊరూ చెబితే, పక్క సీటు వాళ్ళు ముసిముసిగా నవ్వుతూ దిద్దేవారు. నేను దిద్దలేదు. వాళ్ళ నోట వచ్చింది వచ్చినట్టే రాసి, చదివి వినిపించి, అవునని వాళ్ళు నోరు తెరిచి చెప్పేదాకా కలం కింద పెట్టేదాన్ని కాదు. ఇంత చాదస్తమేమిటని తోటివాళ్ళు విసుక్కునేవాళ్ళు. విసుక్కోనివ్వండి. ప్రతి పేరుకీ ఎక్కడో ఒక తల్లి ఉంటుంది.