వేర్లకు కూడు

స్టీల్ టౌన్‌షిప్‌లో తోటమాలిగా చేసి రిటైరైన మా వీధి తాత ఏ చెట్టు దగ్గరికెళ్లినా, మనిషిని అడిగినట్టే "తిన్నావేటే?" అని అడిగేవాడు. నాకు నవ్వొచ్చేది.

గాజువాకలో నేను కుట్టుమెషీన్ వేసుకునేది ఒక మామిడిచెట్టు కింద. ఒకరోజు వెళ్లేసరికి దాని మొదలు చుట్టూ జానెడు బెరడు ఒలిచేసి ఉంది. తన బోర్డుకి అడ్డమని వెనకున్న సెల్‌ఫోన్ల షాపాయన చేసిన పని. పరిగెత్తి తాతని పిలుచుకొచ్చాను.

"ఆకులు పచ్చగానే ఉన్నాయి కదా తాతా?" అన్నాను.

"పిచ్చిదానా! నీళ్లు లోపలి సెక్కలోంచి పైకెల్తాయి. ఆకులొండిన కూడు బెరడులోంచి కిందకొత్తాది. ఇప్పుడు వేర్లు పస్తు."

ఆ చెట్టు కొమ్మలే నాలుగు కోసి, కొసలు చెక్కి, గాయానికి పైనా కిందా బెరడులోకి వంతెనల్లా దోపి కట్టాడు.

"సచ్చిన సెట్టుకి ఆపరేసనేటి తాతా?" అని షాపాయన నవ్వాడు. మర్నాడు నాలుగూ పీకేసి ఉన్నాయి.

నేను ఏడ్చేశాను. తాత మాత్రం ఎనిమిది పుల్లలు తెచ్చి, షాపుకెదురుగా పీటేసుకుని కూర్చున్నాడు. "పీకు బాబూ. మళ్లీ కడతాను. రోజూ ఇక్కడే కూకుంటాను. రిటైరైపోనాను, నాకేటి పని?"

కత్తి నా చేతికిచ్చాడు. "నువ్వూ కట్టమ్మీ."

షాపాయన చూస్తుండగానే ఒకటి దోపాను. నెల తిరిగేసరికి, నేను కట్టిన పుల్లకే ముందు చిగురొచ్చింది.