కర్ర మీద చెల్లె గాటు

ఈసారి కర్ర చాలలేదు. వానలు పడగానే మా తమ్ముడు కృష్ణా నది ఒడ్డు నుంచి గొర్రెలను మలుపుకొని ఇంటికి వచ్చి, ఎప్పటిలాగే కాళ్లు కడుక్కోకముందే మనుమరాలిని పిలిచి గోడకు నిలబెట్టి పక్కన తన కాపుకర్ర ఆనిస్తే, పిల్ల నడినెత్తి కర్ర కొసను దాటి రెండు వేళ్లు పైకి పోయింది. గాటు ఎక్కడ పెట్టాలో తెలియక కత్తి చేతిలో పట్టుకొని నిలబడ్డాడు. "ఇగ నీకు తాటిచెట్టే కొట్టుకరావాలె బిడ్డా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ నా చూపు కర్ర మీద జానెడు కిందికి జారింది. పిల్ల గాట్లన్నీ ఒక వైపున మెట్లలాగా పైకి పోతుంటే, రెండో వైపున ఒక్కటే గాటు ఉంది. అది మా చెల్లెది.

చెల్లె నాకంటే నాలుగేళ్లు చిన్నది. నడక ఆలస్యం, మాట ఆలస్యం, పళ్లు రావడం ఆలస్యం. ఎనిమిదేళ్ల పిల్ల ఎంత ఉంటుందో అంతకు వచ్చి ఆగిపోయింది. గొంతు బొంగురు. ఎండాకాలంలో కూడా చలి చలి అని గొంగడి కప్పుకొని తిరిగేది. దూరం నడవలేదు కాబట్టి మంద వెంట పోయేది కాదు, ఇంటి దగ్గర గంపల కింద మూసిన గొర్రెపిల్లలను చూసుకునేది. పెళ్లి మాట ఎవరూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు.

గొర్రెల ఇండ్లలో పెరిగినవాళ్లకు నేను చెప్పనక్కర లేదు, తల్లి పాలు చాలని పిల్ల ఆ తర్వాత ఎంత మేపినా గిడసబారే ఉంటుంది. మా వాళ్లకు తెలిసిన లెక్క అదే కాబట్టి చెల్లె విషయంలో కూడా అదే అనుకున్నారు. చెల్లె పుట్టిన ఏడు కరువట, అమ్మ పచ్చి బాలింతగానే కూలికి పోయిందట, పాలు ఎండిపోయాయట. బాపు ఆ కొరత తీర్చాలని చెల్లె పేరున ఒక మేకను కట్టేశాడు, దాని పాలు ఇంకెవరూ ముట్టకూడదు. ఆ మేక ముసలిదైతే దాని పిల్ల, ఆ పిల్ల తర్వాత మరో పిల్ల. మా తమ్ముడు చిన్నప్పుడు ఆ చెంబు వైపు చూసి గుటకలు మింగేవాడు. అన్ని పాలు తాగినా చెల్లె వేలెడు పెరగలేదు. అమ్మ మాత్రం, దానికి నా పాలు చాలలేదు, నేనే దాన్ని పొట్టి చేసిన అని బతికినన్నాళ్లూ అనుకొని, తెలంగాణ రావడానికి ముందే అదే మాటతో కన్ను మూసింది.

నా బిడ్డను తమ్ముని కొడుక్కే ఇచ్చాం. మా ఆయన పోయాక నేనూ పుట్టింటికే వచ్చి ఉంటున్నాను. తెలంగాణ వచ్చిన ఏడే మనుమరాలు పుట్టింది. పుట్టినప్పుడు బాగానే ఉంది. నెల దాటినా ఒంటి పసుపు పోలేదు, పాలకు కూడా లేపితేనే లేచేది, ఏడిస్తే బొంగురుగా చిన్న మూలుగు. ఇంటినిండా పని ఉన్నవాళ్లం, ఏడ్వని పిల్ల దొరికిందని సంబరపడ్డాం. ఊళ్లోవాళ్లు కూడా బంగారు తల్లి, తల్లిని సతాయించదు అని మెచ్చుకున్నారు. రెండో నెలలో ఆశా వర్కరు అమ్మాయి వచ్చి చూసి, పిల్ల మొహం ఉబ్బినట్టుంది, ఒళ్లు చల్లగా ఉంది, ఇది మంచితనం కాదు పెద్దమ్మా, పాలమూరు పెద్ద దవాఖానకు తీసుకపోండి అని పట్టుబట్టింది.

పిల్లను ఎత్తుకొని నా బిడ్డ, నేను, చెల్లె బయలుదేరాం. చెల్లె ఒళ్లోనే పిల్ల కొంచెం కదిలేది, అందుకని ఆమెను కూడా తీసుకపోయాం. బస్సులో కండక్టరు చెల్లెను చూసి అర టికెట్టు కొట్టబోతే, ఆమె గొంగడి తొలగించి నెరిసిన జుట్టు చూపించి, "సారూ, నా కంటె నువ్వే చిన్నోనివి, ఆ అర టికెట్టు నువ్వే పెట్టుకో" అంది. బస్సంతా నవ్వింది.

డాక్టరు పిల్లకు నెత్తురు పరీక్ష రాశాడు. కాగితం వచ్చాక, గొంతులో ఉండే థైరాయిడ్ గ్రంథి పుట్టుకతోనే సరిగ్గా పనిచేయడం లేదని, అది సరిగ్గా లేకపోతే ఎముక పెరగదని, తెలివి పెరగదని, రోజూ ఒక గోళీ వేస్తే పిల్ల అందరి పిల్లల్లాగానే పెరుగుతుందని, జీవితమంతా మానకూడదని నిదానంగా చెప్పాడు. చెబుతూ చెబుతూ పిల్లను పట్టుకున్న చెల్లె వైపు చూశాడు. గడ్డం పైకెత్తమన్నాడు. పూసలదండ పక్కకు జరిపి గొంతు తడిమాడు. ఆమెకూ పరీక్ష చేయించాడు. అదే జబ్బు. దగ్గరి మేనరికాల ఇండ్లలో ఇట్లా వస్తుంటుంది అన్నాడు. నేను పాల సంగతి అడిగాను. పాలది ఏ తప్పూ లేదమ్మా, మేకల మంద పాలు తాగించినా ఇంతే ఉండేది అన్నాడు. ఆ మాట వినడానికి అమ్మ లేదు.

చెల్లె అడిగింది, ఇప్పుడు ఆ గోళీ వేసుకుంటే పెరుగుతనా సారూ అని. డాక్టరు, సత్తువ వస్తుంది, చలి తగ్గుతుంది గానీ ఎత్తు రాదమ్మా, ఎముకలు ముదిరిపోయాయి అన్నాడు. "మంచిదే, పెరిగితె రవికెలన్ని మల్ల కుట్టియ్యాలె, మా తమ్ముడు కుట్టిస్తడా" అంది. డాక్టరు కూడా నవ్వాడు.

తిరుగు బస్సులో చెల్లె నవ్వలేదు. నా పక్కన కూర్చుంటే ఆమె కాళ్లు నేలకు అందవు, వేలాడుతుంటాయి. చాలాసేపు ఆ పాదాలనే చూసుకొని, "చిన్నప్పుడు ఈ గోళీ ఉంటె నేను గూడ నీ అంత అయ్యేదాన్నా అక్కా" అంది. అయ్యేదానివేనంట అన్నాను. ఒక తల్లి పిల్లలం, ఇంకేం చెప్పను. నాగర్‌కర్నూలు దాటాక పిల్లను తన ఒళ్లోకి తీసుకుంది. తర్వాత, "అట్లయితె పోరికి ఒక్క దినం గూడ తప్పద్దు. ఆ పని నాకియ్యిండ్రి" అంది.

ఆ పని ఆమెదే అయింది. తెల్లవారుతూనే గోళీని రెండు చెంచాల నడుమ నలిపి, నాలుగు చుక్కల తల్లిపాలలో కలిపి పిల్ల నాలుక మీద పోసేది. తర్వాత తన గోళీ తాను మింగేది. పిల్ల పెద్దదయ్యాక ఇద్దరూ గడప మీద కూర్చొని, గోళీ మింగిన అరగంట దాకా ఏమీ తాగకూడదు కాబట్టి, ఎప్పుడెప్పుడు చాయ తాగనిస్తారా అని నా వైపు చూసేవాళ్లు. పిల్ల పెరిగిన కొద్దీ గోళీ బలం మారుతుంది. గోళీల పట్టీ రంగు చూసి గుర్తుపట్టే తిప్పలు పడలేక, పిల్ల ఒకటో తరగతికి పోయినప్పుడు దాని పలక పక్కన కూర్చొని నేనూ అంకెలు, అక్షరాలు దిద్దుకున్నాను. చెల్లె దిద్దలేదు, నాకెందుకు అక్కా, నువ్వు చదువు, నేను నలుగకొడుత అనేది. గోళీ మొదలుపెట్టిన కొన్ని నెలలకే ఆమె గొంగడి దండెం మీదికి పోయింది. యాభై ఏళ్లుగా మోసిన చలి అంత చిన్న గోళీకి పోవడం చూస్తే సంతోషపడాలో ఏడవాలో నాకు తెలియలేదు.

పిల్ల ఎత్తు చూస్తూ ఉండమని డాక్టరు చెప్పడంతో తమ్ముడు కర్ర మీద గాట్లు మొదలుపెట్టాడు. మంద తోలుకొని పోయేటప్పుడు ఒకటి, వచ్చినాక ఒకటి. ఒకసారి చెల్లె తనే పోయి గోడకు ఆనుకొని, నాది గూడ పెట్టు అంది. వద్దులే అని తమ్ముడు తప్పించుకోబోతే, "పోరి నన్ను ఎన్నడు దాటుతదో నాకు ఎర్క కావద్దా" అంది. అతను తల వంచుకొని రెండో వైపున కోశాడు.

ఎనిమిదో ఏట పిల్ల ఆ గాటును దాటింది. ఆ రోజు చెల్లె ఊరి చివర దాకా పోయి చెప్పుకొచ్చింది, మా పోరి నన్ను దాటింది అని. తన గొంగడి దులిపి పిల్ల భుజాల మీద వేసి, ఇగ నువ్వు నాకు అక్కవు అంది. ఆ సాయంత్రం గంపల దగ్గర ఒక్కతే కూర్చొని, అరచెయ్యి తన నెత్తి మీద పెట్టి, అక్కడి నుంచి మెల్లగా పైకి లేపి గాలిలో చూసుకోవడం నేను వాకిట్లో నుంచి చూశాను. దగ్గరికి పోలేదు. రెండేళ్ల కింద చలికాలంలో చెల్లె చనిపోయింది.

ఇప్పుడు పసిపిల్లల మడమలో ఒక చుక్క నెత్తురు తీసి ఈ జబ్బును మొదట్లోనే పట్టే దవాఖానలు ఉన్నాయంటున్నారు. మా మనుమరాలు గోళీని పళ్లు తోముకున్నంత తేలికగా మింగి బడికి పోతుంది, దాని గురించి ఆలోచించదు, ఆలోచించకపోవడమే నాకు కావలసింది. తమ్ముడు కొత్త కర్ర కొట్టుకొస్తానంటే పాతదాన్ని నేను అడిగి తీసుకున్నాను. పక్కన నిలబెట్టుకుంటే చెల్లె గాటు నా రొమ్ము దగ్గరికి వస్తుంది. జీవితమంతా నేను తల వంచి, ఆమె తల ఎత్తి మాట్లాడుకున్నాం. నా కళ్లకు ఎదురుగా ఆమె కళ్లు ఒక్కనాడూ రాలేదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ గాటు మీద బొటనవేలు పెట్టి పైకి జరుపుతాను. పిల్ల వైపున వేలికి మెట్లు మెట్లుగా తగులుతుంది. ఆమె వైపున కొస దాకా నున్నగానే ఉంటుంది.