ఎర్ర రంగు కింది మనిషి

మా మావయ్య పోయాడని వాళ్ళమ్మాయి పొద్దున్నే ఫోన్ చేసింది. "నాన్న పోయాడొదినా" అని, నేను నోరు తెరిచేలోపే, "ఏ ఫొటో పెట్టాలో తేలడం లేదు, నువ్వు బయల్దేరు" అంది. ఫొటోలు తీసి బతికిన మనిషికి తన ఫొటో లేకుండా పోయిందేమోనని మీరు జాలిపడకండి. డబ్బా నిండా ఉన్నాయి. కొత్త లెన్సు వచ్చినా, కొత్త రకం కాగితం వచ్చినా ముందు తన మీదే పరీక్ష చేసుకునేవాడు. అందువల్ల ఆ డబ్బాలో ఉన్న ప్రతి మావయ్యా వెలుతురు సరిపోయిందా లేదా అని నొసలు ముడిచి పక్కకి చూస్తున్నాడు. చివరికి దండ వేసింది కూడా అలాంటిదానికే. వచ్చినవాళ్ళు దండం పెట్టి, ఆయన దేన్ని చూస్తున్నాడా అని తామూ అటు తిరిగి చూశారు. అటు కిటికీ తప్ప ఏమీ లేదు.

మా అమ్మకి ఆఖరి తమ్ముడు ఆయన. విజయనగరంలో ఒక సందు చివర స్టూడియో. అరవైల చివర్లో నేను ఆ ఊళ్ళో కాలేజీలో చదువుకుంటూ వాళ్ళింట్లోనే ఉండేదాన్ని. ఇంటి ముందు భాగం స్టూడియో, వెనక భాగం సంసారం, రెంటికీ మధ్య ఫొటోలు కడిగే చీకటి గది. పులుసులో కూడా ఫొటోలు కడిగే హైపో మందు వాసన వస్తోందని ఆయన, ఫొటోలకి ఇంగువ వాసన పట్టిందని అత్తయ్య దెప్పుకునేవారు. ఇద్దరూ నిజమే చెప్పేవారు.

స్టూడియో కప్పులో కొంత మేర మట్టి పెంకులు తీసి అద్దాలు వేయించాడు. మబ్బు పడితే పని లేదు. గోడకి ఒక పెద్ద గుడ్డ తెర, దాని మీద పాలరాతి మెట్ల బొమ్మ ఉండేది. ఆ మెట్లు వంపు తిరిగి పైకి వెళ్ళి, అక్కడ గుడ్డ అయిపోవడం వల్ల ఆగిపోయేవి. సాలూరు లారీ డ్రైవర్లు, నెల్లిమర్ల వైపు రైతులు ఆ మెట్ల ముందు నిలబడేముందు చెప్పులు విడిచేవారు. పాలరాయి మాసిపోతుందని వాళ్ళ భయం. నాకు నవ్వొచ్చేది. ఆ మెట్లు ఎక్కడికి వెళ్తాయి మావయ్యా అని అడిగితే, "ఎక్కినోళ్ళెవులైనా దిగొస్తే అడిగి సెప్తాను" అనేవాడు.

చదువుకునే పుస్తకం చేతిలో పెట్టుకుని నేను ఎక్కువగా చదివింది ఆయన పనినే. కిటికీ పక్కన ఏటవాలు బల్ల, దాని మధ్యలో గాజు ముక్క, దాని మీద నెగెటివ్. కింద పెట్టిన అద్దం వెలుతురును పైకి తిప్పేది. సూదిలా చెక్కిన పెన్సిలుతో మశూచి మచ్చలు మాయం చేసేవాడు, లేని చోట కనుబొమలు మొలిపించేవాడు. పెద్దవాళ్ళు ఎవరైనా ఒక్క ఫొటో కూడా తీయించుకోకుండా పోతే, ఇంటివాళ్ళు వచ్చి ఆయన్ని పిలుచుకెళ్ళేవారు. పోయిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి తీసేవాడు. ఇంటికొచ్చాక మూసిన రెప్పల మీద తెరిచిన కళ్ళు గీసేవాడు. అలా గీస్తే పోలిక ఎలా వస్తుందని నేను వాదనకి దిగాను.

"కళ్ళు నాను తెరుస్తానే. సూపు ఇంటోళ్ళు తెచ్చుకుంతారు" అన్నాడు.

నిజమే. గీసిన కళ్ళని చూసి, అచ్చం మా అయ్యే, ఇలాగే ఉరిమేవాడు అని ఏడ్చినవాళ్ళని నేను చూశాను. కళ్ళు గీసిన మనిషి పక్కనే బీడీ ముట్టించుకుంటూ ఉండేవాడు.

ఇక తీర్థాలు, అంటే గుడి జాతరలు. భీష్మ ఏకాదశికి రామతీర్థంలో కొండ కింద పందిరి వేసి, రెండు వెదుళ్ళ మధ్య ఆ మెట్ల తెరే కట్టేవాడు. జనం తెర ముందు కంటే తెర పక్కన ఎక్కువ ఉండేవారు. ఎవరో కోటు తొడుక్కుని బిగుసుకుపోయి కూర్చుంటే చూడ్డం వాళ్ళకి పైసా ఖర్చు లేని వినోదం. తెర చిన్నది, కెమెరా చూపు పెద్దది, దాంతో వీళ్ళంతా నెగెటివ్‌లోకి వచ్చేసేవారు. తీయించుకున్నవాళ్ళు దానికి ఒప్పుకునేవారు కాదు. మా పక్కన ఈడెవుడు, మాకు సుట్టమా అని గొడవ. అందుకని ఇంటికొచ్చాక మావయ్య నెగెటివ్‌కి నున్నటి వైపున చిక్కటి ఎర్ర రంగు పూసేవాడు. రంగు పూసిన మేర వెలుతురు దాటదు. అచ్చు వేస్తే అక్కడ తెల్లగా వస్తుంది. చూడ్డానికి వచ్చినవాళ్ళు వచ్చినట్టే పోతారు.

"వీళ్ళంతా ఏమైనట్టు?" అని అడిగాను.

"ఆళ్ళు మన బేరం కాదే."

మనుషుల్ని ఇంత నిదానంగా, కుంచె పట్టుకుని లేకుండా చేయడం నేను అక్కడే మొదటిసారి చూశాను. తర్వాత ఉద్యోగంలో చేరాక చాలాసార్లు చూశాను గానీ, అక్కడ కుంచె కూడా వాడరు.

ఒక ఏడాది వానాకాలం వెనకబట్టాక, భోగాపురం అవతల సముద్రపొడ్డు పల్లె నుంచి ఒకావిడ వచ్చింది. నా వయసే ఉంటుంది. నిండు నెలలు. వెంట మరిది. వేటకెళ్ళిన తెప్ప తిరగబడి మొగుడు పోయాడని, మనిషి దొరకలేదని మరిది చెప్పాడు. ఆమె నేల మీద చతికిలబడి, కప్పులోని అద్దాలు చూస్తూ, అసలు సంగతి తనే చెప్పింది.

"కుర్సీలో కూకోబెట్టడానికి మడిసి లేడు బాబూ. రేపు కడుపులోది పుట్టి, నా అయ్య ఏడే అని అడిగితే ఏటి సూపించను? సముద్రం సూపించనా?"

ఎక్కడైనా ఒక్క ఫొటో లేదా అని మావయ్య అడిగాడు. లేదు. అన్నదమ్ములకి పోలిక ఉందా అంటే, ఉందనే అందరూ అంటారని మరిది ఛాతీ విరిచాడు. మావయ్య అతన్నే కూర్చోబెట్టి తీశాడు. ఆమెని గుచ్చి గుచ్చి అడిగి, ముక్కు కాస్త దించాడు, మీసం పెట్టాడు, చెంప మీద గాటు గీశాడు. ఆ బల్ల దగ్గర ఆయన అన్ని రోజులు కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. మళ్ళీ రమ్మన్న రోజుకి ఇద్దరూ వచ్చారు. ఆమె ఫొటోని దగ్గర పెట్టుకుంది, దూరం పెట్టుకుంది.

"బాగున్నాడు బాబూ. ఎవులీయన?" అంది.

వెటకారం కాదు. నిజంగానే అడిగింది. ఆయన గీసిన కళ్ళకి చూపు తెచ్చుకోలేని మనిషిని మావయ్య అప్పుడే చూశాడు. బల్ల మీది పెన్సిలు తీసి, చెక్కనక్కరలేకపోయినా చెక్కడం మొదలుపెట్టాడు. అత్తయ్య మజ్జిగ తెచ్చి ఇచ్చింది. అది తాగుతూ, మావయ్యని ఓదార్చాలనుకుందో ఏమో, ఆమె ఊరికే మాటల్లో పెట్టింది.

"తప్పు నీది కాదులే బాబూ. మొన్న ఏకాదశి తీర్థానికి ఎల్నాం కదా, నీ తెర పక్కనే నిలబడ్డాం. ముసిలాయనొకడు కోటేసుకుని, గొడుగు మాత్రం ఒగ్గనని కూకున్నాడు. మనమూ తీయించుకుందాం మావా అని అడిగినాను, వచ్చే తీర్థానికి సూద్దాంలే అనీసినాడు."

పెన్సిలు చెక్కే చప్పుడు ఆగింది. ఆ ముసలాయన గొడుగు వదలనందుకు మావయ్య ఆ రోజంతా తిట్టుకున్నాడు, అందుకే గుర్తుంది. లేచి లోపలికి వెళ్ళాడు. నేనూ వెనకే వెళ్ళాను. మళ్ళీ తీర్థంలో కాపీలు అడుగుతారని నెగెటివ్‌లన్నీ దాచేవాడు. గొడుగు ముసలాయన్ని వెతికి పట్టుకుని వెలుతురుకి ఎత్తాడు. ముసలాయన ఉన్నాడు, మెట్లు ఉన్నాయి. రెండు పక్కలా ఎర్రటి గోడ.

"నానే సెరిపీసినానే" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది.

ఆవిణ్ణి పిలవనా అంటే వద్దన్నాడు. ఆమె మొగుడు ఆ రంగు కింద ఉన్నాడో లేడో తెలియకుండా పిలిచి, లేడని రెండోసారి చెప్పడం తన వల్ల కాదన్నాడు. తడిపి పిండిన దూదితో ఒక మూల నుంచి మెల్లగా అద్దుతూ వచ్చాడు. రంగు దూదికి అంటుకుని వస్తోంది. ముందు వెదురు బయటపడింది. తర్వాత ఎవరి భుజాల మీదో ఎక్కి కూర్చున్న పిల్లాడు, ఒక బామ్మ, చెరుకు గడ నములుతున్న ఇంకెవరో. అవతలి పక్క ఒక పొడుగాటి మనిషి. నెగెటివ్‌లో నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా ఉంటుంది గదా, నాకు ఏదీ పోల్చుకోవడం రాలేదు. మావయ్యకి వచ్చింది. దూది పక్కన పెట్టేశాడు.

"ముఖం లేదే" అన్నాడు.

ఆ మనిషి వెనక్కి తిరిగి ఉన్నాడు. వీపు, మెడ, ఒక చెవి, భుజం మీద తువ్వాలు. అయినా ఆ ముక్క వరకు పెద్దది చేసి అచ్చు వేశాడు. ఇసక జల్లినట్టు వచ్చింది. ఇది చూపిస్తే ఆవిడ ఏమైపోతుందోనని నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. జరగమన్నాడు. నీళ్ళోడుతున్న కాగితాన్నే అరచేతుల్లో పట్టుకెళ్ళి ఆమె ముందు ఉంచాడు.

ఆమె మనిషిని చూడలేదు. తువ్వాలు కొసని చూసింది. ఆ కొసని పట్టుకుని ఒక పిడికిలి ఉంది. గాజులు ఉన్నాయి. మోచేతి దగ్గర ఫొటో అయిపోయింది.

"ఈ సెయ్యి నాదే" అంది. "రా మావా తీయించుకుందాం అని లాగినాను. ఇలాగే తిరిగీసినాడు. ఎప్పుడు లాగినా ఇలాగే."

"ముఖం రాలేదమ్మా" అన్నాడు మావయ్య, తనే చెయ్యి అడ్డం పెట్టినట్టు.

"ముఖం నాను సెప్పుకుంతాను బాబూ. ఈ తిరగడం ఎలా సెప్పను?"

ఆ కాగితం ఆరేదాకా అక్కడే కూర్చుని తీసుకెళ్ళింది. మీసం పెట్టిన ఫొటోని మరిది పట్టుకెళ్ళాడు, అందులో తను ఇంకా బాగున్నానని.

ఆ తర్వాత మావయ్య నెగెటివ్ మీద రంగు పూయడం మానేశాడు. అచ్చు వేసేటప్పుడు అట్టముక్క అడ్డం పెట్టేవాడు. రెట్టింపు పని. అత్తయ్య సణిగితే, "సుట్టాలు కారని సెరిపేస్తే ఎలాగే, ఎప్పుడు ఎవులొచ్చి అడుగుతారో" అనేవాడు. ఆయన గొప్ప కళాకారుడని ఎవరూ అనలేదు, నేనూ అనను. ఆయన తీసిన పెళ్ళి ఫొటోల్లో సగం పెళ్ళికూతుళ్ళు జడుసుకున్నట్టు ఉంటారు, నాతో సహా. కానీ ఆ చీకటి గదిలో దేని గురించి అడిగినా, ఆడపిల్లకి ఇవన్నీ ఎందుకు అనకుండా చూపించాడు. నాకు తెలిసినంతలో మా ఇళ్ళలో అలా చూపించిన మగవాడు ఆయన ఒక్కడే.

కొంతకాలానికి ఆ పల్లెలోనే ఒక పెళ్ళికి ఫొటోలు తీయడానికి పిలిచారు. ఏమైందో చూడాలని నేనూ వెంటపడ్డాను. ఆవిడ ఇల్లు అడిగి వెళ్ళాం. తాటాకు కప్పు కింద మట్టిగోడకి ఆ ఫొటో, ఫ్రేము కట్టించి తగిలించింది. పైన పూలదండ ఉంది. పోయినవాళ్ళ ఫొటోకి పెట్టే బొట్టు మాత్రం లేదు. ఊరుకోవచ్చు గదా, నేను అడిగేశాను. వీపుకి ఎక్కడ పెట్టాలో తెలియక మానేశారా అని.

ఆమె నవ్వి, చంకలో ఉన్న ఆడపిల్లని గోడ దగ్గరికి ఎత్తింది. ఆ పిల్లకి ఆ పని అలవాటైనట్టుంది. రెండు చేతులతో ఫ్రేము కింది అంచు పట్టుకుని ముందుకి లాగింది. వెనక చెక్క మీద, పాత కుంకం మరకల మీద, ఆ పొద్దున పెట్టిన బొట్టు ఎర్రగా ఉంది.

"ముఖం అటేపు కదమ్మా" అంది ఆమె.

మేము మాట్లాడుకుంటూనే ఉన్నాం. పిల్ల ఫ్రేము వదల్లేదు. చెంపని గోడకి ఆనించి, గోడకీ ఫొటోకీ మధ్య ఉన్న ఆ సందులోకి, ఒక కన్ను మూసి, పైకి చూస్తూ ఉంది.