ఒక్క గంట కొడితే ఆపాలె

ఆ రోజుల్లో కారంటే మాకు సగం బండి, సగం బొమ్మ. నడపడం రాకముందే దానికి సింగారం చేయడం నేర్చుకున్నాం. తెలంగాణ ఇంకా రాలేదు గానీ, నాకు మాత్రం గోదావరిఖనిలో స్టోర్స్ గుమాస్తా ఉద్యోగం వచ్చింది. మొన్న మా చెల్లెలి కొడుకు ఫోన్ చేసి, "మామా, గేర్ల కారుకు ఆ యంత్రాలు గింత్రాలు కొంటే పనికొస్తయా, దండుగనా?" అని అడిగాడు. పిల్లవాడు మంచివాడే గానీ అడగకూడని మనిషిని అడిగాడు. ఈ విషయంలో నాకున్నంత అనుభవం, నాకున్నంత సిగ్గు మా వైపు ఇంకెవరికీ లేవు.

మా బాపు బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు హాలర్ నడిపాడు. (హాలర్ అంటే బొగ్గు నింపిన టబ్బులను ఉక్కుతాడుతో పైకి లాగే ఇంజను. దాని ముందు కూర్చున్నవాడికి కింద ఏం జరుగుతున్నదో కనబడదు. కింది నుంచి ఎన్ని గంటలు మోగితే దాన్నిబట్టి లాగడమో, వదలడమో, ఆపడమో చేయాలి.) రిటైరైన నెలకే ఆయన ఒక పాత కారు కొన్నాడు. కారణం అమ్మ. అమ్మకు గుండె జబ్బు. వారం వారం గోదావరి దాటి మంచిర్యాల దవాఖానకు పోవాలి, బస్సు కుదుపులకు తిరిగొచ్చేసరికి మనిషి సగమయ్యేది. డ్రైవర్ని పెడదామంటే బాపు వినలేదు. "పెండ్లయినకాన్నుంచి షిఫ్టులే చేసిన. దాన్ని ఏడికీ తీస్కపోలే. ఇప్పుడన్న నేనే తీస్కపోత" అన్నాడు. ఎన్నాళ్లుంటుందో చెప్పలేమని డాక్టరు అప్పటికే నా చెవిన వేశాడు. బాపుకూ తెలుసు. మేమిద్దరం ఆ మాట పైకి అనుకోలేదు.

నేర్పే గురువును నేనే. బాపుకు స్టీరింగు వచ్చింది, బ్రేకు వచ్చింది, గేర్లు మాత్రం రాలేదు. ఇంజను గొంతు చించుకుంటున్నా రెండో గేరులోనే పోయేవాడు. ఓపికగా నేర్పించే గుణం నాకు లేదు కాబట్టి ఆ లోటును సామాన్లతో పూడ్చాలనుకున్నాను. కరీంనగర్ పోయినప్పుడల్లా ఏదో ఒకటి తెచ్చేవాణ్ని. గేరు రాడ్డు మీద బల్బులా వెలిగే గుండు తెస్తే బాపు దాన్ని తిప్పి చూసి, "గీ బుగ్గ ఎందుకురా? పట్టపగలే కద పోయేది" అన్నాడు. స్టీరింగుకు బిగించే పిడి తెచ్చాను, క్లచ్ మీద వేసే రబ్బరు తెచ్చాను. కారు వెనక్కి పోతుంటే పాట పాడే హారన్ పెట్టించిన రోజు క్వార్టర్ల ఆడవాళ్లంతా ఐస్‌క్రీం బండి వచ్చిందని గిన్నెలు పట్టుకుని వచ్చారు. అమ్మ నవ్వీ నవ్వీ ఆయాసంతో గడప మీద కూర్చుండిపోయింది. చివరికి తెచ్చింది గేరు చెప్పే పెట్టె. ఇంజను వేగం పెరగగానే గంట కొడుతుంది, అప్పుడు గేరు మార్చాలి. ఇక డ్రైవింగ్ స్కూళ్లు మూతపడతాయని దుకాణంవాడు అన్నాడు, నేను నమ్మాను.

అమ్మను ఎక్కించుకుని బయలుదేరిన మొదటి రోజు పొద్దున్నే దాన్ని బిగించాను. బాపుకు చెవులు కొంచెం మందం కాబట్టి శబ్దం నిండుగా పెట్టాను. గోదావరి బ్రిడ్జి మధ్యకు రాగానే పెట్టె ఒక్క గంట కొట్టింది. బాపు కారును ఉన్నచోటనే ఆపేశాడు. వెనక లారీ కీచుమంది. "ఆపుడు కాదు బాపూ, గేరు మార్చాలె" అన్నాను. తలూపి మళ్లీ కదిలించాడు. మళ్లీ గంట, మళ్లీ ఆపడం. మూడోసారికి లారీ క్లీనర్ దిగివచ్చి మా వంశం గురించి నాకు తెలియని సంగతులు చెప్పాడు. బాపు ఇంజను ఆపి తలుపు తీసుకుని దిగాడు. మిగతా దూరం నేనే నడిపాను.

మర్నాడు క్యాంటీన్‌లో ఆ కథంతా బాపు మొహం పెట్టి, బాపు గొంతుతో అభినయించి చూపించాను. అందరూ పడీపడీ నవ్వారు. వెనక్కి తిరిగితే, నేను ఇంట్లో మరిచిన టిఫిను పట్టుకుని బాపు నిలబడి ఉన్నాడు. డబ్బా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. సాయంత్రం తాళంచెవి నా చేతికిచ్చి, "ఇగ నువ్వే తీస్కపో" అన్నాడు.

అసలు సంగతి ఆ పూట అమ్మ చెప్పింది. "టబ్బులు తగిలించే కాక యాదున్నడా నీకు? ఒక్క గంటంటే ఆపాలె. ఓపారి కాక కొట్టిండు, మీ బాపు ఆపేటాల్లకు జరంత లేటైంది. కాక టబ్బుల కింద పడిపోయిండు. విచారణల మీ బాపు తప్పు కాదనే రాసిండ్రు. రాస్తే ఏమాయె? ఇప్పటికీ నిద్రల గంట ఇన్నట్టు లేస్తడు."

ఆ కాక బాపుతో పనిచేసినవాడు, నాకు బాబాయి వరస, చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎత్తుకున్నవాడు. పోయాడని తెలుసు, ఎట్లా పోయాడో నేనెన్నడూ అడగలేదు. పట్టకారు తీసుకుని పోయి పెట్టెను పీకేశాను. తాళంచెవి బాపు ముందు పెట్టి, "గంట తీసేసిన బాపూ. అమ్మను నువ్వే తీస్కపో" అన్నాను. క్యాంటీన్ సంగతికి క్షమించమని అడగాల్సింది పోయి, పట్టకారు తుడుస్తూ నిలబడ్డాను. ఆయన ఆ తాళంచెవిని తీసి జేబులో వేసుకున్నాడు.

ఆ చలికాలమంతా బాపు రెండో గేరులోనే మంచిర్యాల పోయి వచ్చాడు. అమ్మ ముందు సీట్లో కూర్చునేది. చివరిసారి నేనూ వెనక సీట్లో ఉన్నాను. బ్రిడ్జి మధ్యకు రాగానే అమ్మ ఉంగరం వేలితో ఎదురుగా ఉన్న డ్యాష్‌బోర్డు మీద టక్కుమని ఒక్కసారి కొట్టింది. బాపు వెంటనే ఆపాడు. "నీళ్లు మంచిగున్నయి, జర చూద్దామని" అన్నది అమ్మ. వెనక హారన్లు మోగుతున్నా ఇద్దరూ గోదావరిని చూస్తూ కూర్చున్నారు. తర్వాతి వారం దవాఖానకు పోవలసిన అవసరం రాలేదు.

ఏమీ కొనవద్దని మేనల్లుడికి చెప్పాను. ఎందుకని అడిగితే ఫోన్లో చెప్పలేకపోయాను. ఇప్పుడు నా కారుకు పెట్టెలేవీ లేవు గానీ, బెల్టు పెట్టుకోకపోతే అదే ఒకసారి గంట కొడుతుంది. ఆ శబ్దానికి నా కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. వెనకవాడు తిడతాడు, మా ఆవిడ విసుక్కుంటుంది. నాకు మాత్రం చిన్నగా నవ్వొస్తుంది. కాసేపాగి, రెండో గేరులోనే కదులుతాను.